నాపరాయి మీద రాసిన పేరు

చెట్లు కొట్టడం నాకు పుట్టుకతో వచ్చిన పని. నాటడం మాత్రం చదువుకున్నాక నేర్చుకున్నాను. చక్రాయపేట వైపు మా ఇంటి వాళ్లందరూ గొర్రెలు, మేకలు మేపుకుని బతికినవాళ్లే. ఎండాకాలంలో మేత దొరక్కపోతే పొడవాటి కర్రకు కొడవలి కట్టి, కనిపించిన చెట్టు కొమ్మలు దించి మంద ముందర వేసేవాళ్లం. దానికీ మా నాయన ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. ఒకసారి కొట్టిన చెట్టు కాడికి ఆ ఏడు మళ్లీ మందను తోలకూడదు. వచ్చిన చిగురల్లా మేక కొరుకుతూ పోతే ఎంత మొండి చెట్టయినా చచ్చిపోతుందని చెప్పేవాడు. ఆ ఇంట్లో పుట్టిన నేను వృక్షశాస్త్రం చదివి, ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య రోడ్డు పక్కనున్న ఒక పీజీ సెంటరులో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. "గొర్లు తినేటివాటికి పేర్లు చెప్తే జీతమిస్తారంట" అని మా నాయన ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

ఆ సెంటరును విశ్వవిద్యాలయ ప్రాంగణం అనడానికి నోరు రావాలి. నాలుగు రేకుల షెడ్లు, రెండంతస్తుల హాస్టలు, ఒక బోరు, మిగిలిందంతా నల్లరేగడి. ఎండాకాలంలో నేల పగుళ్లలో మోచేతి దాకా చెయ్యి దూరేది. మధ్యాహ్నం పిల్లలు అన్నం ప్లేట్లు పట్టుకుని, గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ తినేవాళ్లు. ఈ నేలను పచ్చగా చేసి చూపించాలని చేరిన ఏడాదే అనుకున్నాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆ వయసులో ఉండే ఉబలాటమంతా నాలో ఉండేది.

అవి ఫ్యాక్షన్ రోజులు. పులివెందుల వైపైనా జమ్మలమడుగు వైపైనా కొత్త మనిషి కనిపిస్తే ముందు అడిగే మాట "ఎవురి మనిషి?" అనే. మా విద్యార్థులు ఊళ్ల నుంచి ట్రంకు పెట్టెతో పాటు పార్టీని కూడా తెచ్చుకునేవాళ్లు. హాస్టల్లో కింది అంతస్తు ఒక పార్టీది, పై అంతస్తు ఇంకో పార్టీది. అలా ఉండమని ఎవరూ చెప్పలేదు, దానంతట అదే అయింది.

మొక్కలు నాటుదామని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మా వైపు గాలికి కూడా భయపడేవాడు. "పెద్దలెవరినైనా పిలిచి నాటిద్దామండీ, మనకీ కాస్త అండగా ఉంటుంది" అన్నాడు. ఒక పార్టీ నాయకుడు వచ్చాడు. ముందు రెండు జీపులు, వెనక మూడు జీపులు. గేటుకు కుడి పక్కన మొక్క నాటి, చుట్టూ ఇనుప కంచె వేయించి, తన పేరు బోర్డు పెట్టించి వెళ్లాడు. మర్నాడే పై అంతస్తు పిల్లలు గేటు ముందర కూర్చున్నారు. వాళ్ల నాయకుడు కూడా నాటాలి, గేటుకు ఎడమ పక్కన, అదే కొలత కంచెతో. అదీ అయింది. ఆ తర్వాత రెండు మొక్కలకూ నీళ్లు పోసే దిక్కు లేకుండా పోయింది. పోసిన వాణ్ణి అవతలి వాళ్లు మనసులో పెట్టుకుంటారని వాచ్‌మన్ కూడా ఆ దరిదాపులకు పోలేదు. వేసవి వచ్చేసరికి మొక్కలు మాడిపోయాయి. బోర్డులు మాత్రం కొత్తవి కొత్తగానే ఉన్నాయి.

అక్కడితో బుద్ధి తెచ్చుకుని ఊరుకుని ఉంటే సరిపోయేది. నాకో గొప్ప ఆలోచన వచ్చింది. నాయకుల పేర్లు వద్దు, పిల్లల పేర్లే పెడదాం. మనిషికొక చెట్టు. ఎవరిది వాళ్లే పెంచుకుంటారు, ఇక పార్టీ మాటే రాదు. ప్రిన్సిపాల్‌కు ఇది బాగా నచ్చింది. ఎవరినీ పిలవక్కర్లేదు, ఎవరికీ కోపం రాదు.

జమ్మలమడుగు రోడ్డు పొడవునా నాపరాయి పాలిషు ఫ్యాక్టరీల వాళ్లు పనికిరాని ముక్కలు గుట్టలు గుట్టలుగా పారబోసి ఉంటారు. ఆ ముక్కల్ని ట్రాక్టరుతో తెప్పించాను. వృథాగా పడి ఉన్నదాన్ని వాడుకుంటున్నామని క్లాసులో గొప్పగా చెప్పాను కూడా. ఒక్కో మొక్క మొదట్లో ఒక ముక్కను నిలువుగా పాతించి, తెల్ల పెయింటుతో విద్యార్థి పేరు, తరగతి, ఊరు రాయించాను. ఊరు ఎందుకు రాయించానో తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. మా వైపు ఊరి పేరు, ఇంటి పేరు తెలిస్తే పార్టీ తెలిసినట్టే. అది నాకు తెలియంది కాదు. మనిషిని ఊరితో కలిపి చెప్పుకోవడం మా అందరికీ అలవాటు, ఆ అలవాటు చొప్పునే రాయించేశాను.

రాళ్లన్నీ పాతిన రోజు వాచ్‌మన్ మామ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయన ప్రొద్దుటూరు సాయిబు, సెంటరు పెట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నవాడు, వయసులో పెద్దవాడు కాబట్టి అందరికీ మామే.

"సారూ, దూరం నుంచి చూస్తే మా ఖబరస్తాన్ మాదిరి ఉండాది" అన్నాడు.

"అలాంటి మాటలు నోట్లోంచి రానీకు మామా" అన్నాను. ఆ రాళ్లను చూసినప్పుడల్లా తర్వాత నాకూ సమాధి రాళ్లలాగే కనిపించేవి.

నీళ్లకు ఇంకో ఏర్పాటు చేశాను. హాస్టల్ స్నానాల గదుల నీళ్లు ఊరికే రోడ్డు పక్క కాలువలోకి పోయేవి. వాటిని ఇసుక, కంకర నింపిన తొట్టిలోంచి పారించి, వెనకున్న గుంతలోకి మళ్లించాం. ఎవరి బకెట్ వాళ్లు ముంచుకుని ఎవరి చెట్టుకు వాళ్లు పోసుకోవాలి. ఇంట్లో తిన్న కంచం కూడా తీసి ఎరగని పిల్లలు, చొక్కాలు విప్పి బకెట్లు మోశారు. పక్కవాడి చెట్టు పచ్చగా ఉండి తన చెట్టు ఎండితే పరువు తక్కువ. పరువు కోసం మావాళ్లు దేనికైనా తెగిస్తారని తెలిసిన వాణ్ణి, ఆ పరువును తీసుకెళ్లి చెట్టుకు కట్టేశానని మురిసిపోయాను. ఏడాది తిరిగేసరికి వేపలు, కానుగలు మనిషి భుజం దాకా వచ్చాయి. జమ్మలమడుగు బస్సుల్లో పోయేవాళ్లు కిటికీలోంచి తొంగి చూసేవాళ్లు.

తొండూరు పక్కనున్న ఒక ఊరి నుంచి ఇద్దరు పిల్లలు నా దగ్గర ఎమ్మెస్సీ చదివేవాళ్లు. ఊళ్లో వాళ్ల ఇళ్లు రెండూ రెండు పార్టీలు, ఒకరు టీ తాగిన అంగట్లో ఇంకొకరు తాగరు. ఇక్కడ వరసలు నేను ఊరి ప్రకారం వేయించాను గనుక ఇద్దరి వేపచెట్లూ పక్కపక్కనే వచ్చాయి. వాళ్లలో ఒకడు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తండ్రి లేడు, తల్లికి ఒక్కడే కొడుకు. రెండోవాడు మాటకారి, పెద్ద కుటుంబం వాడు. వాళ్లిద్దరి పోట్లాటలు చూడటానికే నేను సాయంత్రాలు అటు పోయేవాణ్ణి.

"సార్, వీడు నా బకెట్ గూడా వాని చెట్టుకే పోస్తాండాడు, జూడండి" అనేవాడు మాటకారి.

"నా చెట్టుకు ఆకలి జాస్తి సార్, ఏం జేయల్ల" అనేవాడు పొడుగు పిల్లవాడు.

శనివారం శనివారం పొడుగు పిల్లవాడు తన చెట్టుకు వీపు ఆనించి నిలబడేవాడు. మాటకారి బకెట్ బోర్లించి దాని మీదికెక్కి, వాడి తల మీద స్కేలు పెట్టి కొలిచేవాడు. "జుట్టు అణుచుకోరా, ఎంటికలతో గెలుస్తావా" అని నెత్తి మీద ఒకటి వేసేవాడు. రెండో ఏడాది సంక్రాంతి దాటేసరికి చెట్టు వాడి చెవి దాకా వచ్చింది.

"ఇంగో బెత్తెడు సార్. పరీక్షల నాటికి నన్ను దాటిపోతాది" అన్నాడు నాతో.

చెట్లు పార్టీలను కలిపాయని నేను స్టాఫ్ రూములో కాలు మీద కాలేసుకుని చెప్పాను. ప్రిన్సిపాల్ ఆ మాటను రిపోర్టులో రాసుకున్నాడు.

శివరాత్రి దాటిన వారమే ఆ ఊళ్లో ఒక మనిషిని చంపారు. చనిపోయినాయన మాటకారికి పెదనాన్న. చంపినవాళ్లంటూ చెప్పుకున్న పేర్లలో పొడుగు పిల్లవాడి చిన్నాన్న పేరుంది. ఆ కబురు వచ్చిన సమయానికి ఇద్దరూ నా ల్యాబులో ఒకే మైక్రోస్కోపు మీద వంతులవారీగా వంగి చూస్తున్నారు. జీపు వచ్చి గేటు దగ్గర ఆగింది. మాటకారిని బయటికి పిలిచి చెవిలో ఏదో చెప్పారు. వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి ల్యాబు వైపు చూసి జీపెక్కాడు.

పొడుగు పిల్లవాడికి విషయం నేనే చెప్పాను. 

"రికార్డు పూర్తి కాలేదు సార్" అన్నాడు.

"రికార్డు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ముందు ఇక్కణ్ణించి పో."

"యాడికి పోవల్ల సార్?"

ఊరికి పోతే చంపుతారు, ఇక్కడుంటే వచ్చి చంపుతారు. వాడు చేసిన తప్పు ఆ ఇంట్లో మగపిల్లవాడిగా పుట్టడమే. నాపరాళ్లు వేసుకుని బెంగళూరు పోతున్న లారీని మామ చెయ్యెత్తి ఆపి, డ్రైవరును బతిమాలి, వాణ్ణి ఎక్కించాడు. కట్టుబట్టలతో పోయాడు. తర్వాత వాడు ఎక్కడ దిగాడో, ఎటు పోయాడో ఎవరికీ తెలియలేదు.

నాలుగో రోజు పొద్దున నేను సెంటరుకు వచ్చేసరికి మామ వాడి చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెట్టును మోకాలెత్తున నరికేశారు. ఒకటే వేటు, ఏటవాలుగా. పక్కనున్న చెట్లలో ఒక్క ఆకు చెదరలేదు. రాయి జోలికి పోలేదు. రాయి మీద పడిన కొమ్మల్ని పక్కకు తీసి మరీ పెట్టారు, పేరు కనపడేలా.

మా వైపు పగ ముందు తోట మీద పడుతుంది. పగబట్టిన ఇంటి చీనీ తోటను, అంటే బత్తాయి తోటను, నరికేస్తారు. బిడ్డల్లా పెంచిన చెట్లు ఒక్క పూటలో నేల మీద ఉంటాయి. తోట నరికారంటే తర్వాత మనిషి వంతని కబురు పంపినట్టే. పేపర్లో రాసేవాళ్లకు అది ఆస్తి నష్టం. ఆ ఇంటివాళ్లకు మాత్రం దాని అర్థం తెలుసు. అదే వారం ఊళ్లో ఆ పిల్లవాడి తల్లి చీనీ తోట కూడా నేలమట్టమయింది. కానీ ఇక్కడ, ఊరికి అంత దూరంలో, కబురు పెట్టడానికి వాళ్లకు వాడి ఆస్తి ఏముంది? నేనే చూపించాను. రాయి పాతి, పేరు రాసి, ఊరు రాసి, ఇదిగో ఇది వాడిదని వేలు పెట్టి చూపించాను.

పోలీసు స్టేషనుకు వెళ్లాను. ఎస్సై కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

"చెట్టు ఎవురిది సార్?" అన్నాడు.

"సెంటరుది."

"మరి రాయి మీద ఆ పిల్లోని పేరెందుకుంది?"

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "మనుషుల కేసులకే దిక్కు లేదు. గమ్మున పోయి పాఠాలు చెప్పుకోండి సార్" అన్నాడు. ఆయన మర్యాదగానే అన్నాడు, అదే ఇంకా బాధ.

ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. "రాళ్లన్నీ ఈ పూటే పీకించెయ్యండి మాస్టారూ. ఏ చెట్టు ఎవరిదో ఎవరికీ తెలియకూడదు" అన్నాడు. నేనూ మామా కలిసి గడ్డపారతో రాళ్లు పెకలించి ల్యాబు వెనక పేర్చాం. వారం తిరగలేదు, బకెట్ ముట్టుకునే వాడు లేడు. అడిగితే, "ఎవురిదో చెట్టుకు మేమెందుకు పోయల్ల సార్" అన్నారు. భయం కూడా ఉంది, ఎవరు ఏ చెట్టు దగ్గర నిలబడ్డారో ఎవరు చూస్తారోనని. పేరుంటే నరుకుతారు, పేరు లేకపోతే నీళ్లు పోయరు. ఇంత చదివి నేను కనిపెట్టింది ఇదీ. బోరు కూడా అప్పుడే సన్నబడింది. నూరు పైచిలుకు చెట్లు, మేం ఇద్దరం, చెరో రెండు బకెట్లు. నెల తిరిగేసరికి ఆకులు రాలడం మొదలైంది. సాయంత్రాలు వరండాలో కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి. ఏడుపు వచ్చేది, ఎవరైనా చూస్తారని మింగేవాణ్ణి.

ఉగాది వెళ్లాక ఒక మధ్యాహ్నం ఒకామె రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, నీళ్ల సీసా. ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా మోడు దగ్గరికి పోయి నిలబడింది. అన్ని చెట్లలో నరికిన చెట్టు ఒకటే కాబట్టి ఏదని అడగాల్సిన పని ఆమెకు రాలేదు. నేను దగ్గరికి వెళ్లాను.

"నా కొడుకు చెట్టు ఇదేనా సారూ?"

"అవునమ్మా."

"ఇంటికొస్తే దీని మాటే చెప్తాండె" అంది. మోడును చేత్తో తడిమి, "పాణముందా దీంట్లో?" అని అడిగింది.

బొటనవేలి గోటితో బెరడు గీకి చూపించాను. లోపల పచ్చగా ఉంది. "ఉందమ్మా. వేప మొండిది, మళ్లీ లేస్తుంది" అన్నాను.

"అయితే నా కొడుకు గూడా ఉండాడు సారూ. యాడో ఒగసోట ఉండాడు" అంది. లారీ ఎక్కిన రోజు నుంచి ఆమెకు వాడి కబురు లేదు. బతికున్నాడో లేదో తెలియదు. సంచిలోంచి సీసా తీసి, దార్లో తాగడానికి తెచ్చుకున్న నీళ్లు మోడు మొదట్లో పోసి, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయింది.

నేను శాస్త్రం చదువుకున్నవాణ్ణి. మోడుకూ మనిషికీ సంబంధం లేదని నాకు తెలియదా? తెలుసు. అయినా మర్నాటి నుంచి మిగతా చెట్లన్నీ వదిలేశాను. ఉన్న నీళ్లు ఆ ఒక్క మోడుకే పోశాను. మామ తన వంతు బకెట్ కూడా దానికే తెచ్చి పోశాడు. ఆమె పది రోజులకొకసారి వచ్చి చూసి పోయేది. ప్రతిసారీ నేను గోటితో బెరడు గీకి పచ్చదనం చూపించాలి. అది చూశాకే ఆమె బస్సెక్కేది.

పరీక్షల ముందు చిగురు వేసింది. మోడు పక్క నుంచి రాగి రంగులో రెండు రెమ్మలు. నేను మామను కేకేసి పిలిచాను. ఇద్దరం చిన్నపిల్లల్లా దాని చుట్టూ తిరిగాం. ఈసారి ఆమె వస్తే గోటితో గీకి చూపించాల్సిన పని లేదని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

పరీక్షలు రాయడానికి మాటకారి వచ్చాడు. గేటు దగ్గర జీపులో ఇద్దరు మనుషులు వాడి కోసం కూర్చుని ఉండేవాళ్లు. పక్కన కూర్చునే వాడు లేక, హాలులో వాడి పక్క బెంచీ ఖాళీగా ఉండేది. రెండో పరీక్ష రాసి బయటికి వచ్చి, నేను బకెట్‌తో మోడు దగ్గర ఉండగా వచ్చి నిలబడ్డాడు.

"చిగురేసిందే సార్" అన్నాడు.

నేను బకెట్ కింద పెట్టాను.

"ఎవురు నీళ్లు పోస్తాండారు? వాడు వచ్చిపోతాండాడా?"

"లేదప్పా. నేనే పోస్తున్నా."

"మీరు పోస్తాండారంటే మావాళ్లు నమ్మరు సార్." జీపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "రోజూ ఈ దావలోనే పోతాంటారు. చెట్టు లేస్తాంది అంటే, మనిషి గూడా ఈడనే యాడో ఉండాడనుకుంటారు."

వంగి ఆ రెమ్మను వేలితో ఒకసారి తాకి వెళ్లిపోయాడు. అది బెదిరింపో, స్నేహితుణ్ణి కాపాడమని నాకు చెప్పిన మాటో ఈ రోజుకీ తెలియదు. అప్పుడు వాడి కళ్లలోకి చూసి ఉంటే తెలిసేది. చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆమె ఆ వారమే వచ్చింది. చిగురు చూసింది. నేల మీద చతికిలబడి, రెమ్మ కింద అరచెయ్యి పెట్టి, నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. చెప్పకుండా ఉందామనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను. కానీ నేను పోసిన నీళ్ల వల్ల వాడి కోసం వెతకడం మళ్లీ మొదలైతే? మాటకారి అన్నది అన్నట్టు చెప్పేశాను.

ఆమె రెమ్మ కింది నుంచి చెయ్యి తియ్యకుండానే అడిగింది.

"తుంచేస్తే సచ్చిపోతాదా సారూ?"

"ఒకసారి తుంచితే చావదమ్మా. మళ్లీ వేస్తుంది. వేసినప్పుడల్లా తుంచితేనే..."

"అయితే ఏసినప్పుడల్లా తుంచు."

"అమ్మా..."

"సచ్చిందనుకోనీ సారూ. సచ్చినోని జోలికి ఎవురూ రారు."

మొదటి రెమ్మలు రెండూ ఆమే తుంచింది. వాటిని కొంగు చివర ముడేసుకుని లేచింది. "నువ్వు చదువుకున్నోడివి, మర్చిపోవు" అని చెప్పి బస్సు కోసం రోడ్డు మీదికి పోయింది.

మర్చిపోలేదు. వారానికి రెండుసార్లు, పొద్దున క్లాసుకు ముందు, రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనపడేలా వంగి చిగుళ్లు తుంచేవాణ్ణి. నీళ్లు పోయడం మానేశాను. అయినా అది ఆగలేదు. జూన్‌లో రెండు వానలు పడేసరికి నాలుగు వైపులా ఒకేసారి వేసింది. మా నాయన మందను తోలొద్దన్న చోటికి నేనే మేకలా మళ్లీ మళ్లీ పోయేవాణ్ణి. వేళ్లకు పట్టిన చేదు సబ్బుతో కడిగినా పోయేది కాదు, అన్నం చేదుగా ఉండేది. అదే చేత్తో చాక్‌పీసు పట్టుకుని మొక్కల పునరుత్పత్తి గురించి పాఠం చెప్పేవాణ్ణి. కొన్ని రోజులు తుంచకుండా వెనక్కి వచ్చేసి, మళ్లీ గేటు బయట జీపు శబ్దం వింటే పరిగెత్తుకుపోయి తుంచిన సందర్భాలున్నాయి. 

విశ్వవిద్యాలయం నుంచి ప్రాంగణం పచ్చదనం చూడటానికి కమిటీ వచ్చింది. ఎండిన వరసల మధ్య నడుస్తుంటే ప్రిన్సిపాల్ వర్షాభావం గురించి మాట్లాడాడు. కమిటీలో ఒకాయన మోడు దగ్గర ఆగి, "దీనికి చెదలు పట్టిందా?" అని అడిగాడు. "అవును సార్" అన్నాను. రాసుకున్నాడు.

దసరా నాటికి చిగుళ్లు పాలిపోయి, చిన్నవై వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. ఒకరోజు బెరడు మీద గోరు పెడితే పొడిపొడిగా ఊడి వచ్చింది, లోపల గోధుమ రంగు. అమ్మయ్య అనుకున్నాను. నేను పెట్టిన చెట్టు చచ్చిందని అమ్మయ్య అనుకున్న మనిషిని నేను. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేకపోయాను.

దీపావళి వెళ్లాక ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి మోడు వైపు పోలేదు, నేరుగా ల్యాబుకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పులివెందులలో ఎస్టీడీ బూత్ నడుపుతున్న బంధువుల చేత కబురు పెట్టించి, కొడుకు ఫోన్ చేశాడట. బెంగళూరు అవతల ఇళ్లల్లో నాపరాళ్లు పరిచే పనిలో ఉన్నాడట. ఊరి పేరు చెప్పలేదు, ఆమె అడగలేదు.

"అన్నం తింటాండావా నాయనా అని నేనడిగితే, వాడు నా చెట్టెట్లుండాదిమా అని అడిగినాడు సారూ."

"ఏం చెప్పావమ్మా?"

"నీకంటే ఎత్తయింది, వచ్చి వీపానించి నిలబడి జూసుకో అని చెప్పినా. ఫోన్లోనే నవ్వినాడు." ఆమె నా మొహంలోకి చూసింది. "తప్పు చెప్పినానా సారూ?"

"లేదమ్మా" అన్నాను.

"మళ్లా ఫోన్ జేస్తే మళ్లా అడుగుతాడు సారూ. ఇంగ ఎంత ఎత్తయిందని చెప్పల్ల?"

నేను పాఠాలు చెప్పేవాణ్ణి కదా, నన్ను అడిగింది. వేప మన నేలలో ఏడాదికి ఎంత పెరుగుతుందో ఆమెకు చెప్పాను. వచ్చే ఏడు పైకప్పు అంత అవుతుందని, మూడో ఏడు పూత వస్తుందని, ఆ తర్వాత నీడలో నలుగురు కూర్చోవచ్చని చెప్పాను. ఆమె తల ఊపుతూ, ఒక్కొక్కటీ మనసులో పెట్టుకుంటూ విన్నది. కిటికీలోంచి మోడు కనపడుతూనే ఉంది. ఇద్దరం అటు చూడలేదు.